బాంబు చుట్టూ ఊరు

పిల్లలూ, ఈ నెల మనం ఒక కంప్యూటర్ ఆట గురించి చెప్పుకుందాం. దాని పేరు ఫాలౌట్ 3. ఇది మీరు ఆడే ఆట కాదు. అమెరికాలో 17 ఏళ్లు, ఐరోపాలో 18 ఏళ్లు నిండినవారికే అని పెట్టెమీద ముద్ర వేసి మరీ దీన్ని అమ్ముతారు. తుపాకీ దెబ్బకు తలలు ఎగిరిపోవడం, నెత్తురు చిందడం అందులో ఉన్నాయి గనక ఆ కట్టుబాటు సబబైనదే.

"మేము ఆడరాని ఆట గురించి మాకు చెప్పడమెందుకు?" అంటారేమో. మీ అన్నయ్యో, బాబాయో దీన్ని ఆడుతూ ఉండవచ్చు. 2024లో ఇదే పేరుతో ధారావాహిక కూడా వచ్చింది. తలుపు చేరవేసుకుని వాళ్లు అర్ధరాత్రి దాకా ఏం చేస్తున్నారో తెలుసుకోవాలని మీకు ఉంటుంది, మీ అమ్మకూ నాన్నకూ అంతకన్న ఎక్కువగా ఉంటుంది. పైగా ఈ ఆటలో కిరణాలు, నీళ్లు, చెట్లు, చీమలు, ఇంకా ఎన్నో సంగతులున్నాయి. వాటిలో ఏది నిజమో, ఏది కల్లో తేల్చుకోవడం మన పేజీలో చేయదగిన పనే.

ముందు ఆ పేరు సంగతి. అణుబాంబు నేలకు దగ్గరగా పేలితే మట్టీ, రాళ్లూ, ఇళ్లూ ఆవిరై పైకి లేస్తాయి. ఆ ఆవిరి చల్లారి, కిరణాలు చిమ్మే సన్నని ధూళిగా మారి, గాలివాటున పోయి, ఎక్కడో జనం నెత్తిన రాలుతుంది. అలా రాలే ధూళినే ఇంగ్లీషులో ఫాలౌట్ అంటారు. ఈ పేరుతో మొదటి ఆట 1997లో వచ్చింది. మూడోది 2008 అక్టోబరులో బెథెస్డా అనే సంస్థ తయారుచేసింది. ఆ సంస్థ వారి కార్యాలయం అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు పక్కనే, మేరీలాండ్ రాష్ట్రంలో ఉన్నది. వాళ్లు తమ పొరుగునే ఉన్న నగరాన్ని, దాని స్తంభాలనూ స్మారక మందిరాలనూ కూలగొట్టి, ఆ శిథిలాల మధ్య కథ నడిపారు. కథ ప్రకారం 2077 అక్టోబరు 23న అణుయుద్ధం వచ్చి, రెండు గంటలలో ప్రపంచమంతా బూడిద అయింది. మన కథానాయకుడు బయటికి వచ్చేది 2277లో, అనగా సరిగా రెండు వందల ఏళ్ల తరవాత.

ఇంకొక తమాషా ఏమిటంటే, ఆ 2077 నాటి లోకం మనం ఊహించుకునే రాబోయే కాలంలా ఉండదు. 1950 ప్రాంతాలలో అమెరికావారు రాబోయే కాలం గురించి ఎటువంటి కలలు కన్నారో అచ్చం అలా ఉంటుంది. బుడ్డిలాంటి టెలివిజను పెట్టెలు, అణుశక్తితో నడిచే కార్లు, వంట చేసే మరమనుషులు! రేడియో తిప్పితే 1940 ప్రాంతాలలో ఇంక్ స్పాట్స్ అనే బృందం పాడిన మెత్తని పాటలు వినిపిస్తాయి. చుట్టూ కూలిన గోడలు, చెవిలో కమ్మని పాట. ఆ రెండూ కలిసినప్పుడు కలిగే దిగులును ఒకసారి అనుభవించినవాళ్లు మరిచిపోలేరు.

ఇక ఆట ఎలా మొదలవుతుందో చూడండి. మామూలుగా ఇటువంటి ఆటలలో మొదటనే చేతికి కత్తి ఇచ్చి, "ఫో, చంపు" అంటారు. ఇందులో అలా కాదు. ముందు మీరు పుడతారు! భూమిలోపల, బాంబులు అంటకుండా కట్టిన నేలమాళిగలో పెరుగుతారు. పుట్టగానే తల్లి చనిపోతుంది. తండ్రి వైద్యుడు, శాస్త్రజ్ఞుడు. ఏడాది వయసులో మీరు తప్పటడుగులు వేసుకుంటూ పోతే నేలమీద ఒక బొమ్మల పుస్తకం ఉంటుంది. దాని పేజీలు తిప్పుతూ మీరు ఎటువంటివారు కాదలచుకున్నారో నిర్ణయించుకోవాలి. బలం, చూపు, ఓర్పు, మాటకారితనం, తెలివి, చురుకు, అదృష్టం, ఇవీ ఏడు గుణాలు. మొత్తం 40 మార్కులు ఇస్తారు. ఏ గుణానికీ పదికి మించి వేయరాదు, ఒకటికి తగ్గరాదు. బలానికి పది వేసుకుంటే తెలివికి తరుగు పడుతుంది. అన్నీ తనకే కావాలనేవాడికి ఇక్కడ చుక్కెదురే. పదో ఏట పుట్టినరోజు పండుగ, పదహారో ఏట పరీక్ష. పంతొమ్మిదో ఏట ఒకనాడు తెల్లవారేసరికి నాన్న కనిపించడు. ఎన్నడూ తెరవరని చెప్పే ఆ నేలమాళిగ తలుపు తెరుచుకుని పైకి వెళ్లిపోయాడు. ఆయనను వెతుక్కుంటూ మీరూ బయలుదేరతారు.

ఆ తలుపు దాటిన క్షణమే ఈ ఆటకు ప్రాణం. పుట్టి బుద్ధెరిగాక ఎన్నడూ ఎండ చూడని కళ్లు గనక తెర అంతా తెల్లగా వెలిగిపోతుంది. క్రమంగా చూపు ఆనుతుంది. దూరాన విరిగిన వంతెనలు, మోడులు, కొండలు, ఇంకా దూరాన సగం చెక్కుడుపోయిన వాషింగ్టన్ స్తంభం. ఎటు పొమ్మనీ ఎవరూ చెప్పరు. కనిపించే ఆ కొండదాకా నిజంగానే నడిచి పోవచ్చు. దారిలో ఒక పాడుబడిన బడి ఉంటే లోపలికి పోయి చూడవచ్చు. తండ్రి సంగతి పది రోజులు పక్కనపెట్టి ఊళ్లు పట్టి తిరగవచ్చు. ఇలాంటివాటిని తెరిచిన లోకం ఆటలు అంటారు. నాటకంలో వేషగాడికి మాటలు ముందే రాసి ఇస్తారు కదా. ఇక్కడ వేషమూ మనదే, నాలుగైదు మాటలు ముందుపెడితే వాటిలో ఏది పలకాలో ఏరుకోవడమూ మన పనే.

అటువంటి తిరుగుళ్లలో అన్నిటికన్న ముచ్చటైనది మొయిరా అనే దుకాణదారు కథ. ఆమెకు ఒక పిచ్చి ఉన్నది. ఈ బూడిద లోకంలో ఎలా బతకాలో చెప్పే పుస్తకం ఒకటి రాయాలని. రాతకు ముందు సంగతులు కనుక్కోవాలి కదా! అందుకని మనను పంపుతుంది. పాత దుకాణాలలో ఇంకా తిండి దొరుకుతుందేమో చూసిరా. నేలలో మందుపాతరలు ఉన్న వీధిలో నడిచి ఒకటి పట్టుకురా. కావాలని కిరణాలు తగిలించుకుని, జబ్బు తెచ్చుకుని రా, ఎలా ఉంటుందో రాసుకుంటాను! మనం నిజంగా పోయి చూసి రావచ్చు. పోకుండానే పోయినట్టు కోతలు కోయవచ్చు. కోతలు కోస్తే ఆమె నమ్ముతుంది, పుస్తకమూ అచ్చవుతుంది, కాని నాసిరకంగా అచ్చవుతుంది. సైన్సు పేజీలు చదివే మీకు ఆ సంగతి విడమర్చి చెప్పనక్కరలేదు.

మొయిరా ఉండే ఊరి పేరు మెగటన్. ఈ వ్యాసానికి పెట్టిన పేరు ఆ ఊరిని గురించే. పాత విమానాల రేకులతో దడి కట్టుకుని, నడుమ ఉన్న గుంటలో పేలకుండా పడి ఉన్న అణుబాంబు చుట్టూ జనం ఇళ్లు కట్టుకున్నారు! కొందరైతే ఆ బాంబునే దేవుడని కొలుస్తూ, దాని కింద నిలిచిన నీళ్లలో నిలబడి ప్రార్థనలు కూడా చేస్తారు. ఊరి కాపలా అధికారి మిమ్మల్ని చూసి, "దీనిని చల్లార్చగలవా?" అని అడుగుతాడు. మందుగుండు విద్యలో మీకు కనీసం 25 మార్కులు ఉంటే ఆ పని చేయవచ్చు. అదే ఊరి సారాయి అంగడిలో మూలకు కూచున్న పెద్దమనిషి ఒకడు మిమ్మల్ని చెయ్యి ఊపి పిలుస్తాడు. దూరాన ఎత్తయిన మేడలో ఉండే ధనికుడొకాయనకు ఈ ఊరు కంటికి నలుసులా ఉన్నదట. బాంబుకు చిన్న పరికరం తగిలించి వస్తే డబ్బుతోపాటు ఆ మేడలో చక్కని వాటా ఇస్తాడట.

ఎందరో ఆటగాళ్లు ఇక్కడ ఆగిపోయారు. చేతిలోని మీట వదిలేసి ఆలోచించారు. ఊళ్లో అప్పటికే పరిచయాలు అయి ఉంటాయి. మొయిరా ఉన్నది, ఆమె పుస్తకం ఉన్నది. ఊరిని పేల్చేస్తే ఆ ఇళ్లు మళ్లీ రావు. ఆ గుంట ఆటలో చివరిదాకా గుంటగానే ఉంటుంది. రేడియోలో వార్తలు చెప్పేవాడు మీ ఘనకార్యాన్ని లోకానికంతా చాటుతాడు. అటుతరవాత తండ్రి కనిపించినప్పుడు ఆయన దుఃఖపడతాడు. అన్నిటికన్న వింత ఏమిటంటే, మొయిరా చావదు. కిరణాలకు చర్మమంతా కమిలిపోయి, గుర్తుపట్టరాని రూపంతో ఊరి శిథిలాల దగ్గర ఎదురై, అదే హుషారుతో పుస్తకం సంగతి అడుగుతుంది! ఆమె తిట్టితే బాగుండునని అనిపిస్తుంది. ఇంత కఠినమైన శిక్షను ఏ నీతికథలోనూ చూడలేదు నేను.

ఈ బాంబు సంగతి జపానుకు చేరేసరికి మాటుమణిగింది. 1945 ఆగస్టు 6న హిరోషిమా, 9న నాగసాకి నిజంగా బూడిద అయిన దేశం అది. ఆ దేశంలో అమ్మిన ఆటలో మెగటన్‌ను పేల్చే వీలే లేకుండా తీసివేశారు. ఆటలో ఒక ఆయుధానికి ఉన్న ఫ్యాట్ మ్యాన్ అనే పేరు కూడా మార్చారు. ఎందుకంటే నాగసాకిమీద పడిన బాంబు పేరు అదే. ఆస్ట్రేలియాలో వచ్చిన పేచీ వేరు. ఆటలో నొప్పి తగ్గే మందుకు మార్ఫీన్ అని నిజమైన మందు పేరు పెట్టినందుకు అక్కడి అధికారులు ఒప్పుకోలేదు. అంతట దానికి లేని పేరు ఒకటి కల్పించి అన్ని దేశాలలోనూ అలాగే ఉంచారు.

మన దేశంలోనో? మైక్రోసాఫ్ట్ సంస్థ వారి ఎక్స్‌బాక్స్ యంత్రానికి ఈ ఆటను భారతదేశంలో విడుదల చేయబోమని 2008 అక్టోబరులోనే ప్రకటించారు. ఇక్కడివారి మనోభావాలను బట్టి అన్నారే తప్ప కారణం విడమర్చి చెప్పలేదు. ఆటలో కిరణాలవల్ల రెండు తలలు మొలిచిన ఆవులు ఉంటాయి. వాటికి బ్రామిన్ అని పేరు. అదే కారణమై ఉంటుందని చాలామంది అనుకున్నారు. దీనికి మనకు ఒక చుట్టరికం ఉన్నది. అమెరికాలో మూపురం గల ఆవుల జాతి ఒకటి ఉన్నది; దాన్ని అక్కడివారు బ్రాహ్మన్ అంటారు. మన దేశం నుంచి ఓడలెక్కి పోయిన గిర్, గుజరాత్, కృష్ణాలోయ జాతులతో పాటు మన ఒంగోలు జాతి నెత్తురూ దానిలో ఉన్నది. ఆ ఆవులు ఎండనూ పురుగుపుట్రనూ తట్టుకుంటాయి గనక అక్కడి రైతులకు మహాప్రీతి. లోకం మాడిపోయాక కూడా బతికి ఉండే పశువు అనగానే వాటి పేరు గుర్తుకురావడం వింతేమీ కాదు.

ఇప్పుడు లోపాల సంగతి. నా దృష్టిలో పెద్ద లోపం మంచిచెడ్డల లెక్కలో ఉన్నది. ఆ లెక్కకు ఆటలో పెట్టిన పేరు మన మాటే, కర్మ. ఎవరూ చూడకపోయినా పరాయివాడి వస్తువు ఎత్తుకుపోతే కర్మ తగ్గుతుంది. బిచ్చగాడికి మంచినీళ్ల సీసా ఇస్తే పెరుగుతుంది. ఇంతవరకు బాగానే ఉన్నది. కాని ఊరంతటినీ పేల్చివేసినవాడు వేరొక ఊరి గుమ్మం దగ్గర ఉన్న బిచ్చగాడికి సీసా తరవాత సీసా ఇస్తూ పోతే, కొంతసేపటికి మళ్లీ పుణ్యాత్ముడైపోతాడు! చిత్రగుప్తుడి చిట్టా ఇంత తేలికగా సరిపోతే యమధర్మరాజుకు పనే ఉండదు. పచారీకొట్టు పద్దులో అప్పు తీరినట్టు పాపం తీరిపోతే, మెగటన్ దగ్గర మనం పడిన ఆరాటమంతా ఏమైనట్టు? మొయిరా మొహం చూపి నేర్పినదానిని ఆట ఆ చిట్టాతో తానే చెరిపేసుకున్నది.

2010లో ఆబ్సిడియన్ అనే సంస్థ తయారుచేసిన ఫాలౌట్: న్యూ వెగాస్‌లో దీన్ని చాలామటుకు సరిచేశారు. కర్మ లెక్క అలాగే ఉన్నా, ఏ ఊరి దగ్గర మీకు ఎటువంటి పేరు ఉన్నదో విడివిడిగా పట్టీ రాస్తారు. ఒక ఊరికి చేసిన ద్రోహం మరొక ఊళ్లో దానధర్మాలు చేసినంతమాత్రాన మాసిపోదు. మన పల్లెల పద్ధతి కూడా అదే కదూ!

రెండో లోపం కథ చివర ఉన్నది. ఆ తండ్రి ఇల్లు విడిచిపోయినది ఎందుకో తెలుసునా? నీళ్లకోసం. ఆ లోకంలో ఎక్కడ నీళ్లు తాగినా కిరణాలు లోపలికి పోతాయి. వాషింగ్టన్‌లో జెఫర్సన్ స్మారక మందిరం నీటి ఒడ్డున ఉంటుంది. అందులో పెద్ద యంత్రం పెట్టి, నదినంతా శుద్ధి చేసి, అందరికీ ఉచితంగా మంచినీళ్లు ఇవ్వాలని ఆయన సంకల్పం. ఆటగాళ్లు రాక్షసులతో పోరాడారని మీరు అనుకుంటారు. నిజానికి వాళ్లు పోరాడినది కుండెడు మంచినీళ్లకోసం. ఆటలో నాకు అన్నిటికన్న నచ్చినది ఇదే.

తీరా యంత్రం నడవబోయే సమయానికి దాని గది నిండా కిరణాలు నిండిపోతాయి. ఎవరో ఒకరు లోపలికి పోయి మూడంకెల సంకేతం నొక్కాలి. పోయినవారు తిరిగి రారు. మీరైనా పోవాలి, మీ పక్కన నిలిచిన వీరవనితనైనా పంపాలి. త్యాగం చేయడం గొప్పదే. కాని ఆ క్షణాన మీ వెంట ఫాక్స్ అనే మహాకాయుడు ఉండి ఉండవచ్చు. అతనికి కిరణాలు ఏమీ చేయవు! కొంతసేపటి కిందటనే ఇటువంటి గదిలోకి చులాగ్గా పోయి మీకు కావలసిన వస్తువు తెచ్చి ఇచ్చాడు కూడా. "నాయనా, ఇంకొక్కసారి పోయిరా" అంటే, ఇది నీ విధి, నేను అడ్డురాను అన్న ధోరణిలో మాట్లాడి కదలడు. మీరు చచ్చిపోతారు, ఆట అయిపోతుంది. ఇక ఆ లోకంలో తిరిగే వీలు కూడా లేదు.

ఆటగాళ్లు గోలపెట్టారు. గోలపెట్టక ఏం చేస్తారు? మూసి ఉన్న తలుపు తెరిచి ఎటైనా పొమ్మన్నవాళ్లే చివరి గదిలో చెయ్యి పట్టుకుని ఒకే దారిన నడిపించారు. 2009 మేలో బ్రోకెన్ స్టీల్ అనే అనుబంధం తెచ్చి తయారీదారులు దీన్ని సర్దారు. ఇప్పుడు ఫాక్స్‌ను లోపలికి పంపవచ్చు, ఆట కూడా సాగుతుంది. అయినా కథ చెప్పే గొంతు మటుకు మొండిది. ఫాక్స్‌ను పంపితే, నువ్వు తండ్రి చూపిన త్యాగమార్గాన నడవలేదని దెప్పుతుంది! బుద్ధి ఉపయోగించినవాడిని పిరికివాడనడం నాకు మింగుడుపడలేదు. అదే అనుబంధంలో ఒక మంచి సంగతి కూడా ఉన్నది. నీళ్లు శుద్ధి అయినంతమాత్రాన ఊళ్లకు చేరవు. పీపాలకెత్తి రెండు తలల ఆవులమీద వేసి పంపితే దోవలో దొంగలు పడతారు. కొందరు ఆ పేరు చెప్పి మురికినీళ్లు అమ్ముకుంటారు. నీళ్లు తయారుచేయడం ఒక ఎత్తు, పంచడం ఇంకొక ఎత్తు.

చిన్నచిన్న అవకతవకలు లెక్కలేనన్ని. ఆట నడుస్తూ నడుస్తూ కొయ్యబారిపోతుంది. మనుషులు గోడలలో ఇరుక్కుంటారు. నగరంలో వీధులన్నీ రాళ్లతో మూసుకుపోయాయి గనక భూమి కింది రైలు సొరంగాలలో పోవాలి. ఒక సొరంగం చూస్తే అన్నీ చూసినట్టే. ఒక ముచ్చట చెప్పి ఇది ముగిస్తాను. ఆ అనుబంధంలో ఒకచోట రైలులో ప్రయాణం చేయాలి. ఈ ఆట యంత్రాంగంలో కదిలే బండ్లు చేసే ఏర్పాటు లేదు. అందుకని తయారీదారులు రైలుపెట్టెను ఒక కవచంలా చేసి ఆటగాడి పాత్రకే తొడిగి, అతనినే ముందుకు జరిపారు! జాతరలో కీలుగుర్రం వేషగాడు నడుముకు గుర్రం తగిలించుకుని గంతులు వేస్తాడే, అచ్చం అదే. దీన్ని లోపమనడానికి నాకు మనసు రాదు.

ఇక సైన్సు. రెండు వందల ఏళ్ల తరవాత కూడా ఆ నీళ్లూ, ఆ నేలా అంతలా కిరణాలు చిమ్ముతాయా? లెక్క వేసి చూద్దాం. రాలిన ధూళికి ఒక మోటు సూత్రం ఉన్నది: కాలం ఏడు రెట్లు అయితే కిరణాల జోరు పదో వంతుకు తగ్గుతుంది. పేలిన గంటకు జోరు 1000 అనుకోండి. 7 గంటలకు 100. ఏడేళ్లు 49, అనగా రెండు రోజులు గడిచేసరికి 10. ఇంకొక ఏడు రెట్లు, అనగా రెండు వారాలకు 1. కనకనే అటువంటి ఆపద వస్తే మొదటి రెండు రోజులూ గట్టి గోడల మధ్య దాగి ఉండడం అన్నిటికన్న ముఖ్యమని నిపుణులు చెబుతారు. ఈ సూత్రం మొదటి ఆరునెలల వరకు సుమారుగా పనికివస్తుంది. ఆ తరవాత ఎక్కువగా బాధించేవి సీజియం 137, స్ట్రాన్షియం 90 అనే పదార్థాలు. ప్రతి 30 ఏళ్లకూ ఇవి సుమారు సగానికి సగం తరిగిపోతాయి. 30 ఏళ్లకు సగం, 60కి పాతిక, 90కి వీశం రెండింతలు, అనగా ఎనిమిదో వంతు. ఇలా వేసుకుంటూ పోతే 200 ఏళ్లకు ఉజ్జాయింపున నూరో వంతు మిగులుతుంది. పలక తీసుకుని మీరే వేసి చూడండి. ప్లుటోనియం లాంటివి వేల ఏళ్లు ఉంటాయి, నిజమే. కాని అంత నెమ్మదిగా తరిగేవి కిరణాలను కూడా అంత నెమ్మదిగానే చిమ్ముతాయి. ఆటలో చూపినట్టు ప్రతి గుంటలోనూ కొలత యంత్రం టకటకలాడదు.

అన్నట్టు, ఆ టకటక మాత్రం నిజం. 1928లో హాన్స్ గైగర్, వాల్టర్ ముల్లర్ అనే శాస్త్రజ్ఞులు చేసిన గొట్టం అది. గొట్టంలో పలుచని వాయువు, నడుమ ఒక తీగ, తీగకు విద్యుత్తు. ఒక కిరణం లోపలికి దూరగానే వాయువులో క్షణంపాటు విద్యుత్తు పారుతుంది. అదే ఒక టక్కు. ఆటలో నీళ్లలో దిగబోతే ఆ చప్పుడు జోరెక్కుతుంది. తెర వంక చూడకుండానే కాలు వెనక్కి తీసుకుంటాం.

మందుల సంగతి మాత్రం కల్ల. ఒక్క సంచీ మందు ఎక్కించుకోగానే ఒంట్లోని కిరణాల విషమంతా పోతుందని ఆటలో చూపుతారు. నిజానికి అటువంటి సర్వరోగనివారిణి లేదు. అయోడిన్ బిళ్ల గొంతులోని థైరాయిడ్ గ్రంథిని ఒక్క రకం పదార్థం నుంచి కాపాడుతుంది. ప్రష్యన్ బ్లూ అనే నీలిరంగు మందు సీజియాన్ని పేగులలో పట్టి బయటికి పంపుతుంది. ఒక్కొక్క తాళానికి ఒక్కొక్క చెవి, అంతే.

ఆటలో మనిషంత చీమలు కూడా ఉన్నాయి. ఇదీ జరగదు. చీమ పొడుగు రెండింతలైతే దాని కాలి బలం నాలుగింతలు అవుతుంది, బరువు మటుకు ఎనిమిదింతలు అవుతుంది. పొడుగు నూరింతలైతే కాళ్ల బలం పదివేల ఇంతలు, బరువు పదిలక్షల ఇంతలు! తన బరువు తానే మోయలేక చతికిలబడుతుంది. పైగా చీమకు ఊపిరితిత్తులు లేవు. ఒంటికి ఉన్న సన్నని రంధ్రాలలోనుంచి గాలి పోవాలి. అంత పెద్ద ఒంటికి ఆ గాలి చాలదు.

అయితే నాకు ఎక్కువ కొరతగా తోచినది చెట్లు. ఒక్కచోట తప్ప ఆ లోకంలో పచ్చని ఆకు లేదు. పంట లేదు, మరి జనం ఏం తింటున్నారు? రెండు వందల ఏళ్లనాటి డబ్బా తిండి దుకాణాల అరలలో ఇంకా దొరుకుతూనే ఉంటుంది! (2015లో వచ్చిన నాలుగో ఆటలో జనం చేత పంటలు వేయించారు; ఎవరో అడిగి ఉంటారు.) 1986 ఏప్రిల్ 26న చెర్నోబిల్ అణువిద్యుత్ కేంద్రం పేలింది. దగ్గరి పైన్ చెట్లు ఎర్రబడి చచ్చిపోయాయి. జనాన్ని ముప్ఫై కిలోమీటర్ల మేర ఖాళీ చేయించారు. నేటికీ అక్కడ నేలలో సీజియం ఉన్నది. అయినా నలభై ఏళ్లు గడవకముందే అది అడవి అయిపోయింది. తోడేళ్లు, దుప్పులు, అడవి గుర్రాలు తిరుగుతున్నాయి. హిరోషిమాలో 75 ఏళ్లదాకా ఏమీ మొలవదని అప్పట్లో చెప్పుకున్నారు. అక్కడ బాంబు ఆరువందల మీటర్ల ఎత్తున పేలింది గనక నేలమీద రాలిన ధూళి తక్కువే. కొద్దికాలంలోనే ఒక చెట్టు చిగిర్చి పూసింది. అది ఏ చెట్టో తెలుసునా? మన పెరళ్లలో ఉండే గన్నేరు! 1973లో హిరోషిమా దాన్ని తన నగరపుష్పంగా ఎంచుకున్నది. (గన్నేరు ఒళ్లంతా విషం, ఆకు కొరకవద్దు.)

ఆటలోని చీమలు కల్ల అయినా, బాంబులు కల్ల కావు. ఈనాడు తొమ్మిది దేశాల దగ్గర కలిపి సుమారు 12 వేల అణ్వాయుధాలు ఉన్నాయి. ఆ తొమ్మిదింటిలో మన దేశమూ ఒకటి.

పెద్దలకు ఒక మాట. ఇంట్లో పద్దెనిమిది దాటినవారు ఈ ఆట ఆడుతుంటే ఆ గదిలోకి పిల్లలను పంపకండి, మీరు మాత్రం వెళ్లి పక్కన కూర్చోండి. తుపాకుల భాగం మీకు నచ్చదు. అయినా మెగటన్ వచ్చేదాకా ఉండండి.

పిల్లలూ, మీరు మీ అన్నయ్యను భోజనాల దగ్గర అడగండి: ఆ ఊళ్లో బాంబును ఏం చేశాడో, మొయిరా పుస్తకానికి నిజంగా నడిచి వెళ్లి చూసి వచ్చాడో, కోతలు కోశాడో.